పన్నెండు కుర్చీల భోజనపు బల్ల

అమ్రాబాద్ గుట్టల మీద ఒక జాగీర్దారు బంగళా ఉండేది. దాని భోజనపు బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలు. అతిథులు వచ్చినా రాకపోయినా పొద్దుగూకే వేళకు పన్నెండు పింగాణీ పళ్లాలు, పన్నెండు జతల చెంచాలూ ముళ్లచెంచాలూ, విసనకర్రల్లా మడిచిన పన్నెండు రుమాళ్లు బల్ల మీద ఉండాలని ఆయన హుకుం. వేటకో చల్లగాలికో పెద్ద ఉద్యోగులు పట్నం నుంచి చెప్పాపెట్టకుండా వచ్చేవారు. వచ్చినవాళ్లు బల్ల సర్దేదాకా నిలబడకూడదు. నేను అక్కడున్న ఏడు నెలల్లో ఆ కుర్చీలన్నీ నిండింది మూడుసార్లు. మిగిలిన రోజుల్లో పళ్లాలు పెట్టేవాళ్లం, గంటసేపు ఎదురుచూసేవాళ్లం, తీసి తుడిచి బీరువాలో పెట్టేవాళ్లం.

పెట్టేది ఇద్దరమే. నేనూ, వంట చేసే ముసలాయనా. ఆయన పట్నం నుంచి వచ్చిన ముసల్మాను బావర్చీ. అరవై దాటినా నడుం వంగలేదు. తెల్లటి గడ్డం, ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు. నేను చాచా అనేవాణ్ణి, ఆయన బేటా అనేవాడు. ఇంకొకడు కావలివాడు. గుట్ట కింద పల్లెలో గొర్లు కాసే ఇంటివాడు. పొద్దున్నే నీళ్లూ కట్టెలూ మోసుకొచ్చి, సాయంత్రం చలి మొదలుకాకముందే దిగిపోయేవాడు. ఆ తరువాత గుట్ట మీద మా ఇద్దరి మాటలు తప్ప మనిషి గొంతు వినిపించేది కాదు.

నేను అక్కడికి చల్లగాలి కోసం పోలేదు. మా ఊరు పానగల్ పక్కన. నల్లగొండ గ్రంథాలయంలో వారం వారం వాదాలు జరిగేవి. దేవుడున్నాడా, కులమెవరు పుట్టించారు, అందరూ ఒకే పంక్తిలో ఎందుకు తినకూడదు, ఇవీ మా విషయాలు. అవతలివాడి నోరు మూయించడంలో నాకు పేరొచ్చింది. ఆ పేరు పోలీసుల కాగితాల్లోకి కూడా ఎక్కింది. ఊళ్లలో దొరల మీద జనం తిరగబడుతున్న రోజులు. ఆ తిరుగుబాటు నడిపే సంఘంలో లేనివాణ్ణి కూడా రెండు మాటలు గట్టిగా మాట్లాడితే పట్టుకుపోతున్నారు. మా బాపు ఒకరోజు పొలం నుంచి వచ్చి చెప్పు విడవకుండానే అన్నాడు.

"నీ నోరు నిన్ను జైలుకు పంపుతది. గంతకంటె ముందుగాల నేనే నిన్ను గుట్టకు పంపుత. నాలుగు దినాలు జాగీర్దారు ఉత్తరాలు రాసుకుంట పడి ఉండు."

అట్లా నేను ఆ బంగళాకు మున్షీనయ్యాను. రాయడానికి ఉత్తరాలు ఎక్కువ లేవు. చదవడానికి నేను తీసుకుపోయిన ఏడెనిమిది పుస్తకాలు తప్ప ఏమీ లేవు. వాదించడానికి చాచా ఒక్కడే ఉన్నాడు.

మొదటి వాదం పప్పు దగ్గర వచ్చింది. గుట్ట మీద పప్పు తొందరగా ఉడికేది కాదు. ఇంట్లో అన్నం వార్చేలోపు మెత్తబడే కందిపప్పు అక్కడ అంతకు మించి మంట తిన్నా పలుకుగానే ఉండేది. కావలివాడు కట్టెల మోపు దించుతూ కారణం చెప్పాడు.

"గుట్ట మీది దేవరకు కాయ కొట్టకపోతిరి. ఎట్ల ఉడుకుతది సారు?"

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పల్చబడుతుందని, గాలి బరువు తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయని, మరిగే నీళ్లే చల్లగా ఉంటే పప్పు ఏం ఉడుకుతుందని వాడికి పావుగంట చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు.

"గాలి పల్చగుంటె మరి మాకు ఊపిరెట్ల ఆడుతాంది?" అన్నాడు.

చాచా నవ్వి గోధుమపిండి ముద్ద తీసుకుని డేగిశా మూత అంచుల చుట్టూ మెత్తాడు. మూత మీద ఒక నున్నటి రాయి పెట్టాడు. "నీ గాలి సంగతి నాకు ఎరుక లేదు బేటా. పప్పు పొద్దున్నే నానాలె, మూత కదలకుండ ఉండాలె. గంతే," అన్నాడు. ఆవిరిని లోపల బంధిస్తే నీళ్ల వేడి పెరుగుతుంది. నా పుస్తకంలో ఉన్న కారణమూ, ఆయన చేతిలో ఉన్న పనీ ఒకటే. ఆ సంగతి గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పుడు నాకు కావలసింది నా మాట నెగ్గడం.

అందుకోసం ఒక వెధవపని కూడా చేశాను. బంగళాలో జ్వరం చూసే గాజుగొట్టం ఒకటుండేది. మరిగే నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కొలిచి చూపిస్తానని దాన్ని తీసుకుపోయి మాంసం మరుగుతున్న డేగిశాలో ముంచాను. టప్పుమని పగిలింది. పాదరసం పూసలు అడుగున దొర్లుతుంటే చాచా ఆ మాంసం పులుసంతా పెరట్లో గుంట తీసి పోసి మన్ను కప్పాడు. తరువాత చేతులు కడుక్కుంటూ, "దవాఖాన సామాను దవాఖానల ఉండాలె. నీ చదువు గూడ జర అట్లనే," అన్నాడు. కావలివాడు ఆ మాట తలుచుకుని వారం రోజులు నవ్వాడు.

ఆయన వంట గురించి చెప్పాలి. అడవి నడుమ, ఎద్దుబండ్లు రెండు రోజులకు ఎక్కే ఆ ఎత్తున, ఆయన పట్నపు విందు యథాతథంగా పెట్టేవాడు. ముందు మేక ఎముకల షోర్బా, తరువాత కౌజుపిట్టల వేపుడు, ఆ తరువాత పులావు, చివరికి గుడ్ల పుడ్డింగు. కింద మాంసం మెత్తబడే వేడికి ఇక్కడ మెత్తబడదు. కేకు మాత్రం తొందరపడి పొంగి నడుమ కూలిపోతుంది. అందుకని ఆయన దాంట్లో చక్కెర తగ్గించేవాడు, సోడా తగ్గించేవాడు, మూత మీది నిప్పులు మాత్రం పెంచేవాడు. ఇవేవీ ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడు ఎన్ని పాడు చేశానో ఆ అడవి నక్కలకు తెలుసు అనేవాడు. పుడ్డింగు పళ్లెంలోకి బోర్లించేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. తినేవాళ్లు లేని రోజున కూడా అంతే.

సహపంక్తి మీద నల్లగొండలో ఎన్ని ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. ఇక్కడ ఆచరించే అవకాశం దొరికింది కదా అని రెండోరోజే ఆయన పక్కన కూర్చుని, మనమిద్దరం ఒకే పళ్లెంలో తిందాం అన్నాను. ఆయన నావంక చూసి, నా పళ్లెం నాకు వేరేగా ఇచ్చాడు.

"నీకు ఆకలైతుందా, లేకుంటె ఎవరికన్న చూపియ్యాల్నా?"

"ఎవరున్నారిక్కడ చూపించడానికి?"

"అందుకే అంటున్న. ముందుగాల తిను. తిండిని కొట్లాటకు తీసుకపోకు."

వేసవిలో ఒకసారి పన్నెండు కుర్చీలూ నిండాయి. పట్నపు ఉద్యోగులతో బాటు కింది తాలూకా దొర ఒకాయన షేర్వానీ వేసుకొని వచ్చాడు. పోలీసు అధికారి ఒకడు ఎముక చీకుతూ, ఈ కొత్త మున్షీ ఎవరు, ఏ ఊరు అని అడిగాడు. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. చాచా పులావు వడ్డిస్తూ తల ఎత్తకుండానే ఉర్దూలో జవాబిచ్చాడు. మా వైపు పిల్లవాడే హుజూర్, చదువు అంతంతమాత్రం, పాపం నాలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. వాళ్లు నవ్వారు. ఎవరూ మళ్లీ నావైపు చూడలేదు. నన్ను ఆయన ఆ పూట జైలు నుంచి తప్పించాడు. నేను మాత్రం రెండు రోజులు ముభావంగా ఉన్నాను, చదువు రానివాడన్నందుకు.

వానలు మొదలయ్యాక ఎవరూ రావడం మానేశారు. కింద దారుల్లో కాల్పులనీ, సర్కారు అండ ఉన్న ఖాకీ గుంపులు ఊళ్లు తగలబెడుతున్నాయనీ కావలివాడు చెప్పేవాడు. పొగమంచు బంగళా కిటికీల దాకా వచ్చి నిలబడేది. పళ్లాలు పెట్టడం, తీయడం మాత్రం ఆగలేదు. రంజాన్ నెలలో చాచా ఉపవాసం ఉండి వండేవాడు. నాలుక మీద చుక్క కూడా పడనిచ్చేవాడు కాదు. ఉప్పు చూడటం నా పని. గరిటె నా చేతిలో పెట్టి నా ముఖం వంక చూస్తూ నిలబడేవాడు. పొద్దంతా మంచినీళ్లు తాగకపోతే నీ దేవుడికి ఒరిగేదేమిటి అని నేను గరిటె పట్టుకునే వాదించేవాణ్ణి.

"ఉప్పు సరిపోయిందా లేదా, గది చెప్పు," అనేవాడు.

భాద్రపదంలో కావలివాడు ఒక పొద్దున కట్టెలు లేకుండా వచ్చాడు. యూనియన్ సైన్యం పట్నానికి వచ్చిందట, సర్కారు లొంగిపోయిందట. నేను ఎగిరి గంతేశాను. ఇక నేను దాక్కోవలసిన పనిలేదు. చాచా పొయ్యి ముందు కూర్చుని విన్నాడు. కావలివాడు గొంతు తగ్గించాడు.

"ఖాకీలోల్ల మీది పగతోని కింద తురకోల్ల ఇండ్ల మీద పడుతున్నరు సాబు. మంచోడా చెడ్డోడా అని చూస్తలేరు. మా పక్కూర్ల దూదేకులోన్ని సుత ఇడువలే. నువ్వు గుట్ట దిగకు."

ఆయనకు పట్నంలో ఒక కూతురుంది. బిడ్డ దగ్గరికి పోవాలి, పోయే దారి లేదు. దసరా దాటేదాకా అక్కడే ఉంటే దారులు చల్లబడతాయని కావలివాడు అన్నాడు. మరునాడు తన పాత ధోవతి ఒకటి, రుమాలు ఒకటి తెచ్చి ఇచ్చాడు. చాచా పెరట్లో అద్దం పెట్టుకుని గడ్డం తీసేసుకున్నాడు. లోపలికి వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. గడ్డం ఉన్న మేర చర్మం పాలిపోయి, చంటిపిల్లవాడి చర్మంలా ఉంది.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు అనుకున్నాను గాని, మాటలు ఆయన మీదే పడ్డాయి. తప్పు చేయనివాడు వేషం ఎందుకు వేయాలి, ఇది అబద్ధానికి తల వంచడం కాదా అన్నాను.

"నువ్వెందుకొచ్చినవ్ మరి గీ గుట్టకు?" అన్నాడు.

నేను పుస్తకం ఒకటి తీశాను. చదువుతున్నట్టు ముఖం పెట్టుకుని కూర్చున్నాను.

"చూడు బేటా," అని ఆయన నా ఎదుట పీట వేసుకున్నాడు. "ఎవరన్న వస్తరు. వస్తే వండుత, వాల్లు తిని పోతరు. నేనెవరో నువ్వు చెప్పకు. అడిగితె నాకు తోచింది నేను చెప్పుకుంట. నువ్వు నోరు తెరువకు. నీకు గదొక్కటే కష్టం, నాకెరుకే. నెల దినాలు, గంతే."

సరే అన్నాను. ఆ మాట ఇచ్చాను.

అయిదో రోజో ఆరో రోజో మధ్యాహ్నం ఒక లారీ ఘాటుదారి ఎక్కి వచ్చింది. ఒక సైనికాధికారి, ఏడుగురు జవాన్లు, దారి చూపడానికి కింది తాలూకా దొర. వేసవిలో షేర్వానీలో వచ్చిన దొరే. ఇప్పుడు తెల్ల ఖద్దరు కట్టి, తల మీద తెల్ల టోపీ పెట్టాడు. బంగళా సోదా చేయాలన్నారు. ఆయుధాలేమైనా దాచారేమోనని గదులన్నీ తిరిగారు. ఏమీ దొరకలేదు. ఆకలి మీద ఉన్నారు. అధికారి మర్యాదస్తుడు, తిండి దొరుకుతుందా అని హిందీలో నన్నడిగాడు.

చాచా అప్పటికే పొయ్యి రాజేశాడు. గంటన్నరలో షోర్బా, కోడి వేపుడు, పుల్లటి పప్పు, అన్నం సిద్ధం చేసి, పుడ్డింగు నిప్పుల మీద పెట్టాడు. కావలివాడు లోపలి నుంచి అందిస్తుంటే నేను వడ్డించాను. చాలా నెలల తరువాత ఆ కుర్చీల్లో మనుషులు కూర్చున్నారు. అధికారి పప్పు రెండోసారి పెట్టించుకుని, ఇంత ఎత్తున ఇంత మెత్తగా ఎట్లా ఉడికిందని ఆశ్చర్యపోయాడు. అంతా సాఫీగా జరిగిపోయేది. వాళ్లు తిని లేచి పోయేవాళ్లే.

దొర పళ్లెం ముందుకు నెట్టాడు.

"ఏం మున్షీ, వంటెవరు చేసిన్రు?"

"వంటవాడు," అన్నాను.

"వంటోడని నాకెరుకే. ఎవల పిలగాడు, ఏ కులం? గిప్పుడు మునుపటి లెక్క కాదు. ఎవల చెయ్యి పడితె వాల్లది నేను తినను."

నన్ను నేను ఆపుకోగలిగి ఉండేవాణ్ణి. ఆ సంగతి ఇప్పుడు కూడా ఒప్పుకోవాలి. నోటిమాట జారిపోలేదు. ఊపిరి పీల్చుకుని, గ్రంథాలయంలో వాదానికి లేచినట్టు, వడ్డించే గిన్నె బల్ల మీద పెట్టి నిలబడ్డాను. అధికారికి కూడా అర్థం కావాలని ఉర్దూలోనే మాట్లాడాను. దొరగారు ఎండాకాలంలో ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే ముసల్మాను చేతి వంట మూడుసార్లు అడిగి పెట్టించుకున్నారు, అప్పుడు పోని కులం ఇప్పుడెట్లా పోతుంది, టోపీ మారితే నాలుక మారుతుందా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఒక్క మాట తడబడలేదు. జవాన్లలో ఒకడు నవ్వు ఆపుకున్నాడు. దొర ముఖం నల్లబడింది. ఆ క్షణం నాకెంత తృప్తిగా ఉందో చెప్పకపోతే ఇది రాయడం దండగ.

అధికారికి కోపం రాలేదు. వంట బాగుంది, అతన్ని పిలవండి, మెచ్చుకుంటాను అన్నాడు.

చాచా వచ్చాడు. కావలివాడి ధోవతి, తలకు రుమాలు, గడ్డం తీసేసిన పాలిపోయిన చెంపలు. అధికారి ఆయన్ని కాసేపు చూశాడు. ముసల్మానువని ఇతను చెప్తున్నాడు, మరి ఈ వేషమెందుకు అని అడిగాడు. చాచా నావంక చూడలేదు. భయమేసి సాబ్ అన్నాడు. దొర అప్పుడు కుర్చీ వెనక్కి జరిపాడు.

"తప్పు చెయ్యనోనికి భయమెందుకు సాబ్? గడ్డం గీక్కోని దాక్కున్నడంటె ఏదో ఉన్నట్టే గద."

అవి ఇంచుమించు నా మాటలే. వారం కింద నేనే ఆయనతో అన్నవి. దొర నోట్లో అవి ఎంత చక్కగా ఇమిడాయో విన్నాను.

నేను అడ్డం పడ్డాను. ఆయన అమాయకుడన్నాను, భయపడితే నేరమా అన్నాను, తర్కమంతా గుప్పించాను. అధికారి ఓపికగా విని, విచారణే కదా, ఏమీ లేకపోతే వదిలేస్తారు అన్నాడు. ఆయన దాన్ని నమ్మే చెప్పాడనుకుంటాను. చాచా లోపలికి వెళ్లి చెప్పులు వేసుకొచ్చాడు. లారీ ఎక్కబోతూ నాతో అన్న మాట ఒకటే.

"పుడ్డింగు మీది నిప్పులు తియ్యి. మాడిపోతది."

లారీ ఘాటు దిగే చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒక మలుపు దగ్గర ఆగిపోయి, మళ్లీ కింది మలుపు దగ్గర వినిపించేది. అది పూర్తిగా పోయాక కావలివాడు ఎంగిలి పళ్లాలు ఎత్తుతూ అన్నాడు.

"మంచిగ మాట్లాడినవు సారు. దొర నోరు మూయిస్తివి."

వాడు ఎగతాళి చేశాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియలేదు. అడగలేదు. మరునాటి నుంచి వాడు రాలేదు.

నాలుగు రోజులు ఒక్కణ్ణే ఉన్నాను. మాట్లాడితే గోడలు తిరిగి పలికేవి కనుక మాట్లాడలేదు. నా పుస్తకాలు విప్పి చూశాను. ప్రతి పేజీ అంచున నా రాతలు, ఎవరినో ఓడించడానికి దాచిపెట్టుకున్న వాక్యాలు. అయిదో రోజు తలుపులు దగ్గరికి వేసి గుట్ట దిగాను. మన్ననూరు దాకా నడక, అచ్చంపేట దాకా ఒక బండి, అక్కడి నుంచి మళ్లీ నడక. దారిలో కాలిన ఇళ్లు చూశాను. ఒక ఊళ్లో నాకు మంచినీళ్లిచ్చిన ఆడమనిషి, ముందు నా ముఖం చూసి, ఎవరి పిల్లవాడివని అడిగి, ఆ తరువాత చెంబు ఇచ్చింది. నేను చెప్పాను. దాని మీద వాదించలేదు.

పట్టుకుపోయినవాళ్లను ఉంచడానికి మహబూబునగరంలో ఒక బడిని నిర్బంధ శిబిరంగా మార్చారని దారిలో విని అక్కడికి పోయాను. గేటు బయట బురఖాల్లో ఆడవాళ్లు, పిల్లలు, పొడుగాటి వరస. కిటికీ దగ్గర ఒక గుమాస్తా కాగితాల దొంతర ముందు కూర్చున్నాడు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చాచా పేరు చెప్పాను.

"తండ్రి పేరు?"

తెలియదన్నాను.

"ఏ ఊరు?"

"పట్నం."

"పట్నంల ఏ మొహల్లా?"

తెలియదు. కూతురు ఎక్కడుంటుందో తెలియదు, అల్లుడి పేరు తెలియదు. ఏడు నెలలు ఆయన చేతి అన్నం తిన్నాను. మనుషులందరూ ఒకటేనని ఆయనకు ఎన్నోసార్లు రుజువు చేశాను. ఒక్కసారి కూడా, మీ నాయన ఎవరు చాచా, మీ ఇల్లెక్కడ అని అడగలేదు.

గుమాస్తా కాగితాలు తిప్పాడు. అలసిపోయిన మనిషి, చెడ్డవాడు కాదు.

"గీ పేరుతోని తొమ్మిదిమంది ఉన్నరయ్య. తండ్రి పేరు లేకుంటె ఎవర్ని పిలువాలె? నీకేమైతడు ఆయన?"

"వంట చేసేవాడు," అన్నాను.

"ఎవలకు?"

"నాకు."

అతను నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. పది రోజుల గడ్డం, తెగిన చెప్పులు, దుమ్ము కొట్టుకున్న ధోవతి. నవ్వలేదు. "తండ్రి పేరు అరుసుకోని రా," అని పక్కకు జరగమన్నట్టు చేయి చూపించాడు. నా వెనక ఉన్న ఆడమనిషి కిటికీ దగ్గరికి వచ్చి, అతను అడగకముందే, తన మొగుడి పేరు, మామ పేరు, తాత పేరు, ఊరు, వీధి, ఇంటి ముందు ఏముందో అన్నీ ఒక్క గుక్కలో చెప్పింది. నేను వరస చివరికి పోయి మళ్లీ నిలబడ్డాను. చెప్పడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు.